ఎడారికి నీళ్లు సరే, ఆ నీళ్లు బయటికి పోయే దారేది?

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత సింధు జలాల ఒప్పందాన్ని మన ప్రభుత్వం పక్కనబెట్టింది. పాకిస్తాన్‌కు పోతున్న నీటిని కాలువ తవ్వి రాజస్థాన్‌కు తీసుకెళ్తామని జూన్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా చెప్పారు. చీనాబ్ నీటిని మళ్లించడానికి 113 కిలోమీటర్ల అనుసంధాన కాలువ ఆలోచనలో ఉందని పత్రికలు రాశాయి. ఒప్పందం మంచిచెడ్డలు దేశం తేల్చుకుంటుంది. మా సందేహం వేరు. ఆ ఎడారికి ఇదివరకే ఒక పెద్ద కాలువ వెళ్లింది. దానివల్ల అక్కడి నేలకు ఏమైందో ఇప్పటి చర్చల్లో అంతగా వినిపించడం లేదు. తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపుల్లో స్థిరపడిన మన కుటుంబాలకు ఆ కథ ఇట్టే అర్థమవుతుంది కనుక రాస్తున్నాం.

ఆ పాత కాలువ ఇందిరా గాంధీ కాలువ. మొదట్లో రాజస్థాన్ కాలువ అనేవారు. బికనీర్ సంస్థానం ఇంజినీరు కన్వర్ సేన్ 1948లో వేసిన ఆలోచన అది. 1958లో పనులు మొదలయ్యాయి. సట్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే దగ్గర నుంచి 204 కిలోమీటర్ల ఫీడరు, ఆపైన 445 కిలోమీటర్ల ప్రధాన కాలువ. అన్నీ కలిపి 649 కిలోమీటర్లు. 1980ల చివర్లో నీళ్లు జైసల్మేర్ జిల్లా మోహన్‌గఢ్ దాకా చేరాయి.

మేలు జరగలేదని ఎవరూ అనలేరు. మైళ్లు నడిచి కుండ నీళ్లు తెచ్చుకున్న ఇళ్లకు కుళాయి వచ్చింది. జోధ్‌పూర్, బికనీర్, జైసల్మేర్ ఆ నీళ్లే తాగుతున్నాయి. ఇసుక దిబ్బల మీద గోధుమ, పత్తి, ఆవ పండాయి. కాలువ గట్ల వెంట పెంచిన చెట్లు ఇసుకను చాలాచోట్ల కదలకుండా పట్టి ఉంచాయి.

కీడు కింద నుంచి వచ్చింది. ఎడారి ఇసుక నీటిని ఇట్టే పీల్చుకుంటుంది, కాబట్టి నీళ్లు నిలవవని మనం అనుకుంటాం. కానీ చాలాచోట్ల పై ఇసుకకు కొన్ని మీటర్ల లోపలే జిప్సం, బంకమట్టి గట్టి పొరలున్నాయి. మన క్యాంపుల్లో చౌడు విరగడానికి బస్తాలకు బస్తాలు కొని చల్లే జిప్సమే అక్కడ నీటిని కిందికి దిగనీయకుండా అడ్డుపడింది! మొదటి దశ ఆయకట్టులో నీళ్లు ధారాళంగా దొరికాయి. తక్కువ నీటి పైర్లకని లెక్కగట్టిన పొలాలకు రైతులు ఎక్కువ పెట్టారు. భూగర్భజలం ఏటా మీటరుకు దగ్గరగా పైకొచ్చిన చోట్లున్నాయి. హనుమాన్‌గఢ్, సూరత్‌గఢ్ వైపు పొలాలు జౌకెక్కి, ఉప్పు పొంగి, తెల్లబారాయి. అక్కడివాళ్లు దాన్ని ‘సేమ్’ అంటారు. బడోపల్ దగ్గర ఒకప్పటి పొలాల చోట ఉప్పునీటి మడుగులు నిలిచాయి. చలికాలంలో అక్కడికి వచ్చే నీటిపక్షుల కోసం ఇప్పుడు సందర్శకులు వెళ్తుంటారు. ఊరివాళ్లకు అది ఏమంత వేడుక!

నీళ్లు నిలిస్తే దోమ వస్తుంది. 1994లో థార్ జిల్లాల్లో ప్రాణాంతక మలేరియా విజృంభించింది. ఆ ఏడు వానలు అసాధారణంగా పడ్డాయి, నిజమే. అయినా ఎండిన నేలలో దోమకు ఏడాది పొడవునా చోటు చూపించింది కాలువ నీళ్లేనని నిపుణులు రాశారు. సేవణ్ గడ్డి పెరిగే బీళ్లు దున్నేయడంతో పశువుల కాపరులకు మేత తగ్గింది. అదే గడ్డిబీళ్లలో గుడ్లు పెట్టే బట్టమేక పిట్టకూ చోటు తగ్గింది. మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం ఆ పిట్ట కోసం పెట్టిందే. ఇప్పుడు దేశం మొత్తం మీద నూటయాభైకి మించి లేవని అంచనా. కరెంటు తీగలు కూడా దానికి యముళ్లే. నేరం మొత్తం కాలువదే అనడం న్యాయం కాదు.

ఇక మన సంగతి. ఎడమ కాలువను జొన్న, పత్తి వంటి ఆరుతడి పైర్లకని కట్టారు. ఎగువన మనవాళ్లు వరి వేశారు. సింధనూరు, గంగావతి పక్కన పల్లపు మడులు చౌడెక్కాయి. చివరి ఆయకట్టు కన్నడ రైతు నీళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఈ మాట మన సభల్లో ఎవరికీ రుచించదు, అయినా చెప్పుకోవాలి. ఒక్క తేడా ఉంది. మన మురుగు నీరు వాగుల్లోంచి తుంగభద్రకో కృష్ణకో చేరుతుంది. థార్‌లో చాలా భాగానికి సముద్రం చేరే నది లేదు. పొలం కడిగిన ఉప్పు ఎక్కడికీ పోదు, ఏదో ఒక పల్లంలో కూర్చుంటుంది. గట్ల వెంట యూకలిప్టస్ పెంచి ఊట నీటిని తాగించారు, రెండో దశలో తుంపర సేద్యం తెచ్చారు. కొంత పనిచేశాయి. ముందే చేసి ఉంటే ఇంకా పనిచేసేవి.

మాలో గుమాస్తాగిరీ చేసినవాళ్లం అంచనాల ఫైళ్లు చూశాం. మురుగు కాలువల పద్దు చివరి పేజీల్లో ఉంటుంది, డబ్బు తగ్గితే మొదట గీత పడేది దాని మీదే. చీనాబ్ కాలువ అంచనాలో ఆ పద్దు ఏ పేజీలో ఉంటుందో చూడాలి. హరికే దగ్గర కలిసే మురికి సంగతీ అడగాలి. లూధియానా ఊరి మురుగు, అద్దకం ఫ్యాక్టరీల నీళ్లు బుడ్డా నాలా గుండా సట్లెజ్‌లో పడుతున్నాయి. నల్లటి నీళ్లు వస్తున్నాయని శ్రీగంగానగర్, హనుమాన్‌గఢ్ జనం ఇదివరకే ఆందోళనలు చేశారు. జోధ్‌పూర్ కుళాయికి వెళ్లేదీ ఆ కాలువ నీళ్లే.