చూసొద్దాం రండి: నల్లరాళ్ళ దీవి మారిషస్

మారిషస్ అనగానే అందరికీ తెల్లని ఇసుక, నీలి సముద్రం గుర్తుకొస్తాయి. ఆ ఫోటోలు మీరు చాలానే చూసి ఉంటారు కనుక, ఈసారి మిమ్మల్ని దీవి లోపలికి తీసుకువెళతాను.

ఇది అగ్నిపర్వతాల నుంచి పుట్టిన దీవి. వయసు దాదాపు 80 లక్షల సంవత్సరాలు. క్యూర్‌పీప్ పట్టణంలోని 'త్రూ ఓ సెర్ఫ్' అనే అగ్నిపర్వత బిలం అంచున నిలబడితే కింద ఓ పెద్ద గిన్నె కనిపిస్తుంది. వెడల్పు సుమారు 300 మీటర్లు. లోపలంతా చెట్లే. "పొగ ఏదీ?" అని మావాడు నిరాశపడ్డాడు. ఆ అగ్నిపర్వతం ఎప్పుడో నిద్రపోయింది నాయనా అని సర్దిచెప్పాను.

మర్నాడు షామరెల్ వెళ్ళాం. అక్కడ నేల ఎరుపు, గోధుమ, ఊదా... ఇలా ఏడు రంగుల్లో అలలు అలలుగా ఉంటుంది. లావా చల్లబడి ఏర్పడిన రాయి ఎండకూ వానకూ మట్టిగా మారినప్పుడు, అందులో మిగిలిన ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల ఈ రంగులు వచ్చాయి. ఎండ ఉన్న రోజున వెళ్ళండి, రంగులు బాగా తేలతాయి.

ఇక ఊళ్ళ సంగతి. రాజధాని పోర్ట్ లూయీని తీర్చిదిద్దినవాడు 1735లో వచ్చిన ఫ్రెంచి గవర్నరు లా బూర్దొనే. 1746లో ఇక్కడి నుంచి ఓడలతో వెళ్ళి మద్రాసును పట్టుకున్నది కూడా ఆయనే! ఆగ్నేయ తీరంలోని మాయెబూర్ పట్టణానికి ఆయన పేరే పెట్టారు. ఆ పట్టణం ముందున్న సముద్రంలోనే 1810 ఆగస్టులో ఫ్రెంచివారు ఇంగ్లీషు నౌకాదళాన్ని ఓడించారు. కానీ అదే ఏడాది డిసెంబరుకల్లా దీవి ఇంగ్లీషువారి చేతికి వచ్చేసింది.

ఈ ఊళ్ళ మధ్య దారి పొడుగునా చెరకు తోటలే. వాటి నడుమ అక్కడక్కడా నల్లరాళ్ళ గుట్టలు చిన్న పిరమిడ్లలా కనిపిస్తాయి. "ఇవీ అగ్నిపర్వతాలేనా?" అని మా అమ్మాయి అడిగింది. కాదు. అగ్నిపర్వతం నేలంతా వెదజల్లిన రాళ్ళను ఏరి, మోసి, పేర్చినవి మనుషుల చేతులు. మొదట బానిసలు, 1835లో బానిసత్వం రద్దయ్యాక ఒప్పంద కూలీలు. 1834 నుంచి దాదాపు 5 లక్షల మంది కూలీలు ఈ దీవిలో దిగారు. పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్‌లో వాళ్ళు ఎక్కిన 16 మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు వారిని 'కోరంగీలు' అనేవారట. మా కారు డ్రైవరు పూర్వీకులు అలా వచ్చినవారే. "ఇంట్లో క్రియోల్ మాట్లాడతాం, గుడిలో మాత్రం తెలుగే" అన్నాడు ఇంగ్లీషులో. వాళ్ళ అమ్మాయి బడిలో తెలుగు నేర్చుకుంటోందట. అక్షరాలు చక్కగా చదువుతుంది కానీ మాట్లాడలేదు. మా అమ్మాయి గలగలా మాట్లాడుతుంది కానీ చదవలేదు. ఇద్దరి దగ్గరా చెరో సగం తెలుగు ఉందన్నమాట! అయితే వాళ్ళు ఆ సగాన్ని ఐదారు తరాల పాటు కాపాడుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనలు నేటికీ జరుగుతున్నాయి.

మనం ఉద్యోగాల కోసం విమానాల్లో వచ్చాం. వారానికోసారి అమ్మానాన్నలతో ఫోనులో మాట్లాడుతున్నాం. వాళ్ళలో చాలామందికి ఇంటి కబురే అందలేదు. అయినా నిలుపుకున్నారు. మన మూడో తరం దగ్గర ఎంత మిగులుతుందో?

వెళ్ళేవారికి ఒక మాట: దీవి పొడవు 65 కిలోమీటర్లే, నాలుగు రోజుల్లో తీరిగ్గా చూడవచ్చు. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల కాలం, అప్పుడు వద్దు. దారిలో నల్లరాళ్ళ గుట్ట కనిపిస్తే కారు ఒక్క నిమిషం ఆపించి, పిల్లలకు చూపించండి.