పేర్లు తీసేస్తే చుట్టరికాలు దాగుతాయా?



మన కుటుంబాల వివరాలన్నీ ఒక యాప్‌లో పెడదామన్న మాట సంఘంలో నడుస్తోంది. ఎవరు ఎవరికి వియ్యంకులు, ఎవరింటి పిల్ల ఏ ఊరికి కోడలైంది, అన్నీ. హోసూరు, షోలాపూరు, బరంపురం, యానాం అన్నీ కలిస్తే సంబంధాలు వెతుక్కోవడం సులువే, కాదనం. అయితే యాప్ వాళ్లు ఈ చుట్టరికాల నెట్‌వర్క్‌ను బయటివాళ్లకూ ఇస్తారట. "పేర్లు తీసేసి నంబర్లు పెడతారు, భయం లేదు" అంటున్నారు. మేము ఒప్పుకోలేకపోతున్నాం.

పేరు పోయినా చుట్టరికం పోదు కదా. నలుగురు అక్కచెల్లెళ్లు, ఇద్దరు ఒకే ఇంటి కోడళ్లు, ఒకామె మేనమామనే చేసుకుంది. ఇంత చెబితే చాలు, మనలో ఏ పెద్దావిడైనా ఇంటిపేరు చెప్పేస్తుంది. కంప్యూటరూ అదే చేస్తుంది. 2009లో అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ పేర్లు తీసేసిన ట్విట్టర్ నెట్‌వర్క్‌ను ఫ్లికర్‌తో పోల్చి చూశారు. రెండుచోట్లా ఖాతాలున్నట్టు తేలినవారిలో మూడో వంతు మందిని గుర్తుపట్టేశారు. తప్పు 12 శాతమే.

"ముందే కొలిచి, భద్రమని తేలాకే ఇద్దాం" అన్నది రెండో వాదన. తీసిపారేయదగ్గది కాదు. కానీ కొలిచేదెలా? దొంగ ఖాతాలతో కొందరు చేరారనుకోండి. ఒక్కొక్క ఖాతా నుంచి మీరు ఎన్ని చుట్టరికాల దూరంలో ఉన్నారో రాసుకుంటారు. సరిగ్గా అవే దూరాలున్నవాళ్లు ఇంకో పదిమంది ఉంటే మీరు ఆ గుంపులో కలిసిపోతారు. మీరొక్కరే అయితే దొరికిపోయినట్టే. ఆ దొంగలెవరో ముందు తెలియదు గనుక ప్రతి కూడికనూ చూడాలి. వెయ్యిమందిలో ముగ్గురిని ఎంచే విధాలు 16.6 కోట్లు, కంప్యూటర్‌కి అదేం లెక్క కాదు. ఐదుగురైతే 8 లక్షల కోట్ల పైమాటే. ఈ రకం కొలతలు కొన్ని ఎన్‌పీ-హార్డ్ అని నిరూపించారు. అంటే అన్ని నెట్‌వర్క్‌లకూ పనికొచ్చే త్వరితమైన, కచ్చితమైన పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. దొరకదనే ఎక్కువమంది పండితుల నమ్మకం. అంచనా కట్టే పద్ధతులున్నాయి. విడాకులైన పిల్ల ఉన్న ఇంటికి అంచనా ఏం ధైర్యమిస్తుంది?

యాప్ వద్దనడం లేదు. పెళ్లీడు పిల్లల వివరాలు వాళ్ల అనుమతితో పెట్టండి. చుట్టరికాల జాబితా మాత్రం సంఘం పుస్తకం దాటనివ్వొద్దు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ రెండింటికీ విడివిడిగా ఓటు పెట్టాలని కమిటీని అడుగుతున్నాం.