తాళపుచెవి ఎవరి చేతిలో?

విజయవాడ నగరంలో రెండు జాతీయ రహదారులు ఒకదానినొకటి దాటుకొనే కూడలి బెంజ్ సర్కిల్. చెన్నై నుంచి కోల్‌కతాకు సాగే 16వ నంబరు రహదారి, మచిలీపట్నాన్ని హైదరాబాదుతోను పుణెతోను కలిపే 65వ నంబరు రహదారి ఇక్కడ కలుస్తాయి. చుట్టుపక్కల కళాశాలలు, వసతిగృహాలు. బందరు రోడ్డు పొడవునా దుకాణాలు. విద్యాసంవత్సరం ఆరంభమయ్యే వేళ గుడివాడ నుంచో, కైకలూరు నుంచో, అవనిగడ్డ నుంచో వచ్చిన తండ్రి తన కుమారునికో కుమార్తెకో ఒక ఫోను కొనిపెట్టాలని ఇటువంటి దుకాణంలో అడుగుపెడతాడు. ఆయన జేబులో ఉన్న సొమ్ము పదివేలు, మహా అయితే పదిహేను వేలు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది అనే మూడు ప్రశ్నలకు దుకాణదారు వద్ద సమాధానం సిద్ధంగా ఉంటుంది. నాలుగవ ప్రశ్న ఒకటున్నది. దానిని అడిగేవారు అరుదు. ఈ ఫోనుకు సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్ళు అందుతుంది? తయారుచేసిన సంస్థ చేతులు దులుపుకొన్న తరువాత మరొకరు అందించే వీలున్నదా?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో కృష్ణా డెల్టా వాసులకు వివరించడం కష్టం కాదు. నాగార్జునసాగరులో విడిచిన నీరు పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజికి చేరుతుంది. అక్కడినుంచి ప్రధాన కాలువలకు, వాటినుంచి పిల్లకాలువలకు, ఆపై పంటబోదెలకు పారుతుంది. ప్రతి మజిలీలోను కొంత ఆలస్యం, కొంత తరుగుదల తప్పవు. దివిసీమలోని శివారు రైతుకు నీరు అందేసరికి పై ఊళ్ళలో నాట్లు పూర్తయి ఉంటాయి. ఒక్కొక్క ఏడు అసలు అందదు. ఫోను సాఫ్ట్‌వేర్ ప్రయాణమూ ఇటువంటిదే. గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ కొత్త సంచికను సిద్ధం చేస్తుంది. చిప్ తయారీదారు దానిని తన చిప్‌కు అనుగుణంగా సవరిస్తాడు. ఫోను తయారీదారు తన హంగులు జోడించి, పరీక్షించి, చివరకు కొనుగోలుదారుకు పంపుతాడు. ఖరీదైన ఫోను కొన్నవాడు కాలువ మొదట్లో ఉన్న రైతు. చవక ఫోను కొన్నవాడు శివారు రైతు. సంస్థకు లాభం కొత్త నమూనా అమ్మడంలో ఉన్నది గాని, మూడేళ్ళనాడు అమ్మిన ఎనిమిదివేల రూపాయల ఫోనును పోషించడంలో లేదు.

సాఫ్ట్‌వేర్ రాకపోతే వచ్చిన నష్టమేమని కొందరు ప్రశ్నిస్తారు. మాట్లాడటానికి, చిత్రాలు చూడటానికి పాత సంచిక చాలదా అంటారు. 2015లో ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. దురుద్దేశంతో రూపొందించిన ఒక వీడియో సందేశాన్ని పంపి ఎదుటివారి ఫోనులోకి చొరబడే అవకాశం దానివల్ల ఏర్పడింది. ఆ సంవత్సరం నుంచే గూగుల్ నెలనెలా భద్రతా సవరణలు వెలువరించడం మొదలుపెట్టింది. ఆ సవరణలు అందని ఫోను గొళ్ళెం ఊడిన ఇల్లు వంటిది. ఆ ఇంటిలో ఇప్పుడు ఉన్నవి కేవలం పాటలు, ఫొటోలు కావు. 2016లో యూపీఐ వచ్చిన నాటినుంచి కుటుంబపు బ్యాంకు ఖాతా కూడా అందులోనే కాపురమున్నది.

తెలుగు చదువుకొనేవారికి మరింత దగ్గరి నిదర్శనం ఒకటున్నది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరాన్ని చూసి స్తంభించిపోయాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. జకార ఞకారాల సంయుక్తానికి దీర్ఘం చేరినచోట కంటికి కనబడని ఒక విభజక సంకేతం కూడా కలిస్తే, దానిని తెరపై ఎట్లా గీయాలో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియలేదు. సందేశం తెరిచిన యాప్ మూతపడేది. జ్ఞానమనే మాటకు మొదటి అక్షరమే అన్నిటికన్న ఖరీదైన ఫోనుకు మింగుడుపడకపోవడం ఒక వింత! ఆపిల్ సంస్థ అదే నెలలో 11.2.6 సంచికను విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. అంతకుముందు, 2010 ప్రాంతంలో వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో అధికభాగం తెలుగును చూపలేకపోయేవి. అక్షరాల స్థానంలో ఖాళీ గళ్ళు కనిపించేవి. సంస్థలు పట్టించుకోని ఆ రోజుల్లో కొందరు ఔత్సాహికులు ఫోను లోపలి వ్యవస్థపై అధికారం సంపాదించి, తామే తెలుగు ఖతులను చేర్చుకొన్నారు. తమ భాషను తమ ఫోనులో చూసుకోవడానికి తాళం పగలగొట్టవలసి వచ్చిందన్నమాట.

తాళం తీసే మార్గం ఎట్లా ఏర్పడిందో తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లినక్స్ కెర్నల్‌ను లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించాడు. దాని మూలపాఠం బహిరంగం. వాడుకొన్నవాడు తాను చేసిన మార్పులతో పంపిణీ చేస్తే ఆ మార్పులను కూడా బయటపెట్టాలన్నది దాని లైసెన్సు నియమం. ఆండ్రాయిడ్ పైపొరలలో ప్రధానభాగం కూడా బహిరంగమే. ఈ వెసులుబాటును ఆధారం చేసుకొని 2009లో స్టీవ్ కొండిక్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ సయనోజెన్‌మోడ్ అనే ప్రత్యామ్నాయ వ్యవస్థను ఆరంభించాడు. సంస్థ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను తొలగించి, దాని స్థానంలో ఔత్సాహికులు సిద్ధం చేసినదానిని నెలకొల్పుకోవడమే దీని తత్త్వం. దీనినే వాడుకలో కస్టమ్ రోమ్ అంటారు. దేశదేశాల యువకులు తమ తమ ఫోన్లకు తగినట్లు దీనిని మలుచుకొన్నారు.

తరువాత ఇది వ్యాపారమైంది. 2013లో సయనోజెన్ పేరుతో కంపెనీ ఏర్పడింది. 2014 డిసెంబరులో మైక్రోమ్యాక్స్ వారి యూ శాఖ 8,999 రూపాయల ధరకు యురేకా ఫోనును ఆ సాఫ్ట్‌వేర్‌తో ప్రకటించింది. భారతదేశంలో ఆ సాఫ్ట్‌వేర్‌పై హక్కు తమకే ఉన్నదని వాదిస్తూ మైక్రోమ్యాక్స్ అదే నెలలో వన్‌ప్లస్‌పై ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. అందరిదీ అనుకొన్న దానిపై హక్కు ఎవరిదనే తగవు! ఆ కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. 2016 డిసెంబరు చివరకు తన సేవలన్నిటినీ నిలిపివేసింది. ఇది మామూలు వ్యాపారమైతే కథ అంతటితో ముగియవలసినది. కాని మూలపాఠం బహిరంగంగా ఉన్నందువల్ల ఔత్సాహికులు దానిని చేతికెత్తుకొని లీనియేజ్‌ఓఎస్ అనే కొత్తపేరుతో కొనసాగించారు. లీనియేజ్ అనగా వంశం, పరంపర. పేరు సార్థకమైనది. తాళపత్రాలకు ఆయువు పరిమితం. ఆకు శిథిలం కాకముందే మరొక లేఖకుడు దానిని కొత్త ఆకులకు ఎక్కించినందువల్లనే ప్రాచీన కావ్యాలు నేటికి మిగిలాయి. ప్రతి రాసుకోవద్దని కవులు ఆంక్ష పెట్టి ఉంటే ఈనాడు పాఠ్యపుస్తకాలలో చేర్చడానికి పద్యాలు ఉండేవి కావు.

ఇక అసలు చిక్కు తాళం. ఫోను వెలిగించిన క్షణాన మొదట మేల్కొనే చిన్న ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటారు. తనకు అప్పగించిన వ్యవస్థపై సంస్థ ముద్ర ఉన్నదో లేదో అది పరిశీలిస్తుంది. ముద్ర లేకపోతే లోపలికి రానివ్వదు. ఈ తాళాన్ని తీయడానికి కొన్ని సంస్థలు అనుమతి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు, కొన్ని ఇచ్చి తరువాత ఉపసంహరించుకొంటాయి. హువావే 2018లో తాళం తీసే సంకేతాలు ఇవ్వడం మానివేసింది. షియోమీ ఫోన్లలో ఖాతా నమోదు చేసుకొని కొన్నిరోజులు నిరీక్షించే పద్ధతి ఉండేది. 2023లో హైపర్‌ఓఎస్ వచ్చిన తరువాత నిబంధనలు మరింత బిగుసుకొన్నాయి.

బెంజ్ సర్కిల్ నుంచి బందరు దిక్కుగా కొద్దిదూరం పోతే ఆటోనగర్ వస్తుంది. వాహనాల మరమ్మతుకు దేశంలోనే పేరెన్నికగన్న స్థలాలలో అది ఒకటి. తయారీదారు ఏనాడో మరచిపోయిన లారీలు అక్కడ విడివిడి భాగాలుగా విప్పబడి, తిరిగి కూర్చబడి, రోడ్డెక్కుతాయి. ఇంజను మూత తెరవడానికి కంపెనీ అనుమతి కావాలని ఏ మెకానికూ అనుకోడు. లారీ యజమాని దానిని కొన్నాడు. కనుక విప్పే హక్కు అతనిదే. పదివేల రూపాయల ఫోను విషయంలో మాత్రం ఈ సహజన్యాయం తలకిందులైంది. ధర పూర్తిగా చెల్లించినా తాళపుచెవి అమ్మినవాని వద్దనే ఉండిపోయింది. ఇది అన్యాయమని చెప్పడానికి సందేహించనవసరం లేదు.

సంస్థల వాదనలో సత్యం బొత్తిగా లేదనడం కూడా సరికాదు. తాళం ఉన్నందువల్ల దొంగిలించిన ఫోనులో వేరొక వ్యవస్థను ఎక్కించి అమ్ముకోవడం కష్టమవుతుంది. దారిలో ఎవరో దురుద్దేశపు సాఫ్ట్‌వేర్ నింపి అమ్మే ప్రమాదమూ తగ్గుతుంది. తాళం తీసినవాడు కొన్ని సౌకర్యాలు వదులుకోక తప్పదు. మొదట, తాళం తీయగానే ఫోనులోని సమాచారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. వారంటీ చిక్కులో పడవచ్చు. అన్నిటికన్న పెద్ద ఇబ్బంది బ్యాంకు యాప్‌లతో వస్తుంది. ఫోను సంస్థ ఇచ్చిన స్థితిలోనే ఉన్నదా అని అవి గూగుల్ తనిఖీ ద్వారా నిర్ధారించుకొంటాయి. లేదని తేలితే పలు యాప్‌లు పనిచేయ నిరాకరిస్తాయి. ఈ తనిఖీలు ఏటేటా కఠినమవుతున్నాయి. ఇందులో ఒక వైపరీత్యమున్నది. నాలుగేళ్ళుగా ఒక్క భద్రతా సవరణ కూడా అందని పాత ఫోను సంస్థ ముద్ర చెరగలేదు గనుక చాలా సందర్భాలలో నమ్మదగినదిగా చెల్లుబాటవుతుంది. నిన్నటి సవరణ వరకు పొందిన కస్టమ్ రోమ్ ఫోను మాత్రం అనుమానితమవుతుంది. శుభ్రంగా ఉన్న ఇంటిని కాక, సున్నం వేయించిన మేస్త్రి పేరును చూసి తీర్పు చెప్పినట్లున్నది ఈ పద్ధతి.

అందువల్ల ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోనుపై, అందునా పరీక్షల ముందు, విద్యార్థి ఇటువంటి ప్రయోగానికి పూనుకోరాదు. హాల్‌టికెట్టు, ప్రవేశ ప్రకటన, బ్యాంకు సందేశం అన్నీ అందులోకే వస్తాయి. ఊరూపేరూ లేని చోట దొరికిన ఫైళ్ళను ఎక్కించడం, సంస్థ తాళాన్ని వదిలి దొంగ చేతికి ఇంటిని అప్పగించడమే. సంస్థ సవరణలు ఆగిపోయిన తరువాత, ఆ ఫోను రెండవ ఫోనుగా మారిన తరువాత ఈ విద్య అక్కరకు వస్తుంది. అయితే అక్కరకు రావాలంటే కొన్న రోజుననే కొంత ముందుచూపు ఉండాలి.

ఆ ముందుచూపులో మొదటిది సంస్థ ఇచ్చిన మాట. ఎన్నేళ్ళు భద్రతా సవరణలు ఇస్తామని ప్రకటించిందో చూడాలి. 2024లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆ సంస్థ ఆరేళ్ళ సవరణలు ప్రకటించింది. ఇటువంటి మాట ఉన్నప్పుడు సామాన్య విద్యార్థికి కస్టమ్ రోమ్ అవసరమే కలగకపోవచ్చు. మాట లేనప్పుడు లీనియేజ్‌ఓఎస్ వారు ప్రకటించే పరికరాల జాబితాను తిరగవేయాలి. నిన్న విడుదలైన ఫోను అందులో కనబడకపోవడం సహజం. ఏడాది గడిచి, చాలామంది చేతికి చేరిన నమూనాకే ఔత్సాహికుల అండ లభిస్తుంది. ఇక్కడ ఫ్యాషన్‌కు వెనుకబడటమే లాభం.

పేరును మాత్రం నమ్మరాదు. రెడ్మీ నోట్ 4 దీనికి చక్కని ఉదాహరణ. 2016లో చైనాలో అదే పేరుతో మీడియాటెక్ చిప్ ఉన్న ఫోను వచ్చింది. 2017 జనవరిలో భారతదేశంలో 9,999 రూపాయల ప్రారంభ ధరకు వచ్చినదానిలో స్నాప్‌డ్రాగన్ 625 చిప్ ఉన్నది. ఒకదానికి తయారైన రోమ్ రెండవదానికి పనికిరాదు. ఎక్కిస్తే ఫోను ఇటుకగా మారవచ్చు. మన దేశంలో అమ్ముడైన నమూనాకు సంస్థ ఆండ్రాయిడ్ 7 వరకే నవీకరణ ఇచ్చింది. ఔత్సాహికులు దానిని ఆండ్రాయిడ్ 10, 11 వరకు తీసుకొనిపోయారు. దీనికి కారణం ఆ ఫోను లక్షల చేతులలో ఉండటం, దాని మూలపాఠం వెలువడటం, తాళం తీసే వీలుండటం. ఈ మూడింటిలో ఒక్కటి లోపించినా ఆ ఆయుర్దాయం దక్కేది కాదు. లైసెన్సు నియమాన్ని పాటించక మూలపాఠాన్ని ఏళ్ళతరబడి దాచిపెట్టే తయారీదారులూ ఉన్నారు; అటువంటివారి ఫోను వంద రూపాయలు చవకైనా వద్దనుకోవడమే మేలు.

కొనుగోలుదారుని వివేకం ఒక్కటే చాలదు. శివారు రైతుకు నీరందించే బాధ్యతను రైతు తెలివితేటలకే వదిలివేయరు గదా! ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఒక నమూనా అమ్మకం ముగిసిన తరువాత కూడా కనీసం ఐదేళ్ళపాటు సాఫ్ట్‌వేర్ సవరణలు అందుబాటులో ఉండాలి. భారతదేశంలోనూ ఫోన్ల మరమ్మతు సౌలభ్యానికి ఒక సూచికను రూపొందించే విషయమై 2025లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు ఒక కమిటీ నివేదిక అందింది. సూచికలో మర, తెర, బ్యాటరీలతోపాటు తాళానికీ స్థానముండాలి. గరిష్ఠ చిల్లర ధర పక్కనే సవరణలు నిలిచిపోయే తేదీని పెట్టెపై ముద్రించాలి. ఆ తేదీ దాటిన మరునాడు తాళపుచెవి ఎట్టి రుసుమూ నిరీక్షణా లేకుండా యజమానికి చేరాలి.

2015 ఆగస్టులో షియోమీ సంస్థ భారతదేశంలో తయారైన తన మొదటి ఫోను రెడ్మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో 6,999 రూపాయల ధరతో విడుదల చేసింది. దానిని కూర్చినది నేటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. తెలుగు నేలపై బిగించి, తెలుగువారి సొమ్ముతో కొన్న ఫోనుకు తాళం తీయవలసి వస్తే, దరఖాస్తు మాత్రం బీజింగ్‌లో ప్రధాన కార్యాలయమున్న సంస్థకే పంపుకోవాలి.