అతిథులు నిండిన నగరము

అతిథి వచ్చిన గృహిణికి సంతోషమే. కాని అతిథి కొఱకు ఇంటివారే వీధిని పడవలసివచ్చినచో నేమందుము? స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరమున నిట్టి చిక్కే కలిగినది.

1992లో నచట ఒలింపిక్ క్రీడలు జరిగినది మొదలు యాత్రికుల రాక మిక్కిలి హెచ్చినది. నెల యద్దెకంటె దినపుటద్దెలో లాభ మధికము గదా! యజమానులు కాపురపు వాటాలను యాత్రికుల కీయసాగిరి. మూడు దినములకొక క్రొత్త పొరుగువారు దిగు మేడలో, బిడ్డను చూచుచుండుమని యెవరి కప్పగించి బజారునకు పోగలము?

పదేండ్లలో ఇంటి యద్దెలు నూటికి 68 చొప్పున పెరిగినవని నగరాధ్యక్షుఁడు కొల్బోనీ 2024లో చెప్పి, అనుమతిగల 10,101 వాటాలను 2028 నవంబరు నాటికి యాత్రికుల కిచ్చుట మాన్పింతుమని ప్రకటించెను. ఆ వేసవిలోనే కొందఱు పౌరులు భోజనశాలల ముందు కూర్చున్న యాత్రికులపై పిచికారీలతో నీళ్లు చల్లిరి. అది మాకు నచ్చలేదు. బాటసారి చేసిన తప్పేమి?

నగరమధ్యమున క్రొత్త హోటళ్లు కట్టరాదని 2017లోనే నియమము చేసియుండిరి. కావున వాటాలు మూతపడినచో, ఉన్న హోటళ్ల గదుల వెల యెక్కుననియే మా యూహ, హోటలువారికి పండుగయే. ఆ వాటాలలో మరల నిలుకడగల కాపురములు చేరునో లేదో యని మేము కనిపెట్టి చూచుచున్నాము.