బొంద తవ్వినోడి కూలి ఎవరిస్తరు?

ఇంగ్లండులోనో అమెరికాలోనో ఏ చిన్న ఊరి పాత చరిత్ర తిరగేసినా ఒక సంగతి తగులుతుంది. శవపేటికలు చేసే వడ్రంగే మెల్లగా అంత్యక్రియల వ్యాపారి అయ్యాడు. కొడుకులు, మనుమలు అదే పనిలోకి వచ్చారు, దుకాణం మీద తాత పేరుతో బోర్డు కట్టారు. ఊళ్లో పెద్దమనుషులయ్యారు. మన పాలమూరు పల్లెల్లోనూ తాతల నాటి నుంచి చావు పని చేస్తున్న ఇండ్లున్నాయి. వాళ్లకు బోర్డు లేదు, రేటు లేదు, ఇయ్యాల నాకు చేతగాదని చెప్పే హక్కు అసలే లేదు. మనుమడు పట్నం పోయి అద్దెకు ఇల్లు అడిగితే తాత ఏం పని చేశాడో నోరెత్తడు.

బీచుపల్లికి రండి. కృష్ణ ఒడ్డు, ఆంజనేయస్వామి గుడి, పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి వంతెన. ఇవతల గద్వాల, అవతల వనపర్తి. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు బూడిద కలపడానికి, పిండాలు పెట్టడానికి ఈ రేవుకే వస్తారు. ఈ గుడికి ఒక కథ ఉంది. వ్యాసరాయలు స్వామిని ప్రతిష్ఠించి, తెల్లారి మొదట కంటబడ్డ బోయ పిల్లవాడికి పూజ అప్పగించాడని, ఆ పిల్లవాడి పేరే ఊరికి నిలిచిందని చెప్పుకుంటారు. నాకు ఈ కథంటే ఇష్టం. జంధ్యం లేనివాడికి గర్భగుడి దక్కిన కథ. ఆ గడపలో వంశపారంపర్యం అంటే హక్కు, హారతి పళ్లెం, నలుగురి దండాలు. అదే వంశపారంపర్యం కాటికి చేరేసరికి మెడకు గుదిబండ ఎందుకవుతుంది? పూజారి కొడుకు మాస్టరైతే ఊరు మురిసిపోతుంది. డప్పు కొట్టినవాని కొడుకు మాస్టరైతే, ‘మరి మన చావుకు ఎవరొస్తరు?’ అని అడుగుతుంది!

పని చూద్దాం. చావు కబురు మోయాలి. పొద్దు పొడవకముందే డప్పు వేడి చేసుకుని రావాలి. పాడె ముందు నడవాలి. ఎండైనా వానైనా బొంద తవ్వాలి, లేదా కట్టె పేర్చాలి. తలకొరివి పెట్టిన కొడుకు వెనక్కి చూడకుండా పోతాడు, అది శాస్త్రం. శవం పూర్తిగా కాలేదాకా అక్కడ నిలబడేది మాత్రం మాల మాదిగ ఇండ్ల మనిషి. అతనికి ముట్టేది శవం మీద చల్లిన చిల్లర, ఒక కల్లు సీసా, ఇంటివాళ్ల మనసును బట్టి ఓ నోటు. బేరమాడితే ‘చావు ఇంట్ల పైసలు అడుగుతవా’ అంటారు. టెంటువాడు అడగొచ్చు, ఫ్రీజరు పెట్టెవాడు అడగొచ్చు, దినాల వంటవాడు అడ్వాన్సే తీసుకోవచ్చు.

గద్వాల, వనపర్తి సంస్థానాల నాడు పల్లెల్లో ఇట్లాంటి కూలి లేని వెట్టే రాజ్యమేలింది. ఆ వెట్టి మీద 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం గొంతెత్తింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ ప్రాంతం మనిషే, ఇటిక్యాలపాడు ఆయన ఊరు. తర్వాత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడైతే సందు లేకుండా రాశారు: దళితుల చేత, ఆదివాసుల చేత శవాలు మోయించినా, గోతులు తవ్వించినా నేరమే. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. ఆ ఏడాది ఆగస్టులోనే కృష్ణా పుష్కరాలు. రేవు మెట్లకు సిమెంటు దొరికింది. చట్టం మాత్రం ఒడ్డునే ఆగిపోయింది.

2019లో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైంది, ఊరూరా వైకుంఠధామాలనే శ్మశానాలు లేచాయి. ప్రహరీ, గేటు, దహన వేదిక, స్నానాల గదులు. బాగుంది. బురదలో, ముళ్లకంపల్లో శవాన్ని దించే కర్మ తప్పింది. కానీ వేదిక మీద కట్టె పేర్చే మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? చాలా ఊళ్లలో ఎప్పటిలాగే, మాల మాదిగ వాడ నుంచే. గోడకు అంచనా వేసిన ఇంజినీరుకు చెమట అంచనా తెలియలేదు.

‘అది వాళ్ల కులవృత్తి, డప్పు మన కళ, దాన్ని కాపాడాలి’ అనేవాళ్లకు ఒక ఊరి పేరు చెబుతాను. మెదక్ జిల్లా గౌతోజిగూడెం. చావులకు ఇక డప్పు కొట్టబోమని అన్నందుకు ఒక కుటుంబాన్ని ఊరు బహిష్కరించింది. ఇది 2024 నాటి మాట. నిజాం కాలం కాదు. కొట్టనంటే శిక్ష పడే చోట అది కళ ఎట్లయితది? తెలంగాణ ఉద్యమ వేదికల మీద ఇదే డప్పుకు చప్పట్లు కొట్టాం. హరిశ్చంద్ర నాటకంలో రాజు కాటికాపరి అయితే కండ్లు తుడుచుకుంటాం. అక్కడ వినిపించే శ్మశాన పద్యాలు రాసిన జాషువా కూడా అంటరానితనం అనుభవించినవాడే. వేషానికి ఏడుస్తాం. వేషం లేనివానికి చాయ్ వేరే గ్లాసులో పోస్తాం.

కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో. బీచుపల్లి ఘాట్లకు, రంగులకు, దీపాలకు అంచనాలు కడతారు. ఈసారి నది ఒడ్డున్న ప్రతి పంచాయతీకీ ఇంకో పద్దు రాయండి: కాటి పనికి కొలువు, నెల జీతం, బీమా, చేతులకు తొడుగులు. ఆ కొలువుకు కులం పేరు పెట్టకండి. అన్ని కులాల వాళ్లనూ దరఖాస్తు చేసుకోమనండి, రెడ్డి బిడ్డనూ, కోమటి బిడ్డనూ, బాపన బిడ్డనూ. ఎవరూ రాలేదా? అయితే ఎవరింటి శవానికి వాళ్లే గడ్డపార పట్టుకుని రావాలని ఊరి నడుమ చాటింపు వేయించండి. ఆ చాటింపు డప్పు మాత్రం సర్పంచే కొట్టాలి.