కిరణచికిత్సయు గాజుసాక్షియు

1996 ఆగష్టులో మధ్య అమెరికాయందలి కోస్టారికా రాజధానియగు శాన్ హోసే నగరమున నొక వైద్యశాలవారు కోబాల్టు చికిత్సాయంత్రమున క్రొత్త కిరణమూలము నమర్చిరి. దాని తీవ్రతను గణించుటలో 0.3 నిమిషమును 18 సెకండ్లనుటకు మాఱుగా 30 సెకండ్లని లెక్కవేసిరి. నెలదినములపాటు ఆ తప్పు బయటపడలేదు. ఈలోపల పుట్టకురుపు రోగులు 115 మందికి వైద్యులు విధించినదానికంటె మిక్కిలి హెచ్చుగా కిరణములు సోకెను. కొందఱు దానివలననే మరణించిరి. యంత్రమున లోపము లేదు. వైద్యుని విధియందును లోపము లేదు. దశాంశ మొక్కటి తప్పుగా చదువబడినది.

ఇట్టి తప్పును కనిపెట్టుటకు నేడు అల్పమగు సాధన మొకటి గలదు. వెండి కొంచెము కలిపిన ఫాస్ఫేటు గాజుకడ్డీ యది. 12 మిల్లీమీటర్ల నిడివి, 1.5 మిల్లీమీటర్ల మందము. కిరణములు సోకినపుడు అందలి వెండి అయానులు మార్పునొందును. పిదప దానిపై అతినీలలోహితకాంతిని ప్రసరింపజేసిన నారింజవన్నె వెలుగు పుట్టును. ఆ వెలుగు హెచ్చుతగ్గులే సోకిన మోతాదునకు కొలత.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థయు, ప్రపంచారోగ్యసంస్థయు 1969 నుండి వైద్యశాలలకు తపాలాద్వారా కొలతసాధనములను పంపుచున్నవి. వైద్యశాలవారు దానిని నీటియందుంచి, 2 గ్రేల మోతాదునిచ్చి, త్రిప్పిపంపవలెను. వారు చెప్పినదానికిని, కొలిచినదానికిని నూటికి 5 పాళ్లకు మించి భేదమున్నచో కారణము విచారింతురు. పూర్వము లిథియం ఫ్లోరైడు పొడిని వాడెడివారు. 2017 నుండి గాజును వాడుచున్నారు. పొడిని వేడిచేసి చదివినతోడనే అందలి సాక్ష్యము నశించును. గాజు అట్లుగాక, ఎన్నిసార్లు చదివినను ఆ మాటయే చెప్పును. 400 డిగ్రీల వేడిలో కాల్చినగాని మఱవదు. కావున వివాదము వచ్చినచో సాక్షిని మరల పిలిచి యడుగవచ్చును. గాజు నిర్దుష్టమని మేమనుట లేదు. తక్కువశక్తిగల ఎక్స్ కిరణములను అది యున్నదానికంటె హెచ్చుగా చూపును, సవరణ యవసరము.

తమయొద్దనే కొలతయంత్రములుండగా పరుల పరీక్ష యేల యని కొన్ని వైద్యశాలలవా రనవచ్చును. శాన్ హోసేలో కొలువకపోలేదు. కొలిచి, తప్పు లెక్కించిరి. కరణము వ్రాసిన లెక్కలను జమాబందిలో మఱియొకరు చూచుట మన గ్రామములలో పూర్వముండిన యాచారమే. అది తన కవమానమని యే కరణమును మానుకొనలేదు.

తపాలా తిరిగివచ్చువఱకు చికిత్స నిలుపుట రోగికి మేలుకాదు. కావున క్రొత్త మూలము నమర్చినపుడు మొదటి రోగిని చేర్చుకొనుటకు ముందే వేఱొక నిపుణుడు స్వతంత్రముగా గణింపవలెను. ఆ వారముననే గాజును పంపవలెను. ఆపై నేటేట పంపుచుండవలెను. దీనిని వైద్యశాలల యిష్టమునకు విడువక ప్రభుత్వములు శాసింపవలెను. వచ్చిన ఫలితమును చికిత్సాలయపు గోడపై రోగులు చదువుకొనునట్లు తేదీతో తగిలింపవలెను.