మనము చదువని చైనా

సంస్కృతము చదివిన ప్రతివాడును చీనాంశుకమను మాట నెరుగును. కాళిదాసు శాకుంతలమున దానిని వాడియున్నాడు. చరిత్ర చదివిన ప్రతివాడును హ్యూన్‌త్సాంగు పేరెరుగును. ఏడవ శతాబ్దమున నాతడు ఆంధ్రదేశమునకు వచ్చి ధాన్యకటకమును దర్శించెనని గర్వముతో జెప్పును. మా నర్సింహులపేట నిన్నమొన్నటివరకు వరంగల్లు జిల్లాలోనిదే గనుక, కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమందు చీనా కర్పూరమునకు సుంకము నిర్ణయింపబడినదని మేమును బాలురకు ఉత్సాహముతో జెప్పుచుందుము. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని యిది మనయొద్దకు చదువుకొనుటకు వచ్చిన చైనా. మనలను మెచ్చుకొన్న చైనా. మన చేతులమీదుగ గాయపడిన చైనా మరియొకటి కలదు. దానిని మన యుపాధ్యాయులలో నెందరు చదివిరి?

మొన్న మా తరగతిలో నొక బాలిక లేచి, "సారూ! నల్లమందు యుద్ధమంటున్నరు గదా, ఆ మందు ఏడ పండింది?" అని యడిగినది. ఏండ్ల తరబడి ఆ పాఠము చెప్పుచున్న మాకు ఆ ప్రశ్న యెన్నడును దోచలేదు. కొట్టినవారు ఆంగ్లేయులు, దెబ్బ తిన్నవారు చైనీయులు అని చెప్పి ముగించుచుంటిమి. నడుమ మూడవవా డొకడుండెనని, ఆ మూడవవారము మనమేయని చెప్పనే లేదు. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసిన పిదప సిగ్గు కలిగినది.

ఆ మందు పండినది మన నేలపైననే. ఈస్టిండియా కంపెనీ బీహారు, కాశీ ప్రాంతముల రైతులకు ముందుగనే బయానా లిచ్చి గసగసాల పైరు వేయించి, సరుకు తానే కొని, కలకత్తాలో వేలము వేయుచుండెను. వర్తకులు దానిని దొంగచాటుగ చైనాకు జేర్చుచుండిరి. చైనా తేయాకునకు వెండి చెల్లింపవలసి వచ్చిన ఆంగ్లేయులు, వెండికి మారుగ మత్తును చెల్లించుటకు పన్నిన యుపాయమిది. 1839 జూనులో లిన్ జెషు అను నధికారి యిరువదివేలకు మించిన పెట్టెల మందును హూమెన్ వద్ద సున్నముతో, ఉప్పునీటితో కలిపించి సముద్రము పాలు చేయించెను. అందుకు ఫలము యుద్ధము. యుద్ధమునకు ఫలము 1842 నాటి నాన్‌కింగు సంధి: హాంగ్‌కాంగు పోయెను, ఐదు రేవులు తెరువవలసి వచ్చెను, 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చెల్లింపవలసి వచ్చెను.

మందు మనది, మరి తుపాకి పట్టినవా రెవరు? 1841 మే నెలలో కాంటన్ నగరము చెంత సన్‌యువాన్‌లీ గ్రామమున వేలకొలది రైతులు చుట్టుముట్టినది మద్రాసు 37వ దేశీయ పదాతిదళములోని యొక జట్టును. కుండపోత వానలో మందు తడిసి తుపాకులు పేలలేదు. వేరొక దళము వచ్చి విడిపించువరకు వారట్లే నిలిచిరి. ఆ కాలపు మద్రాసు సైన్యమున తెలుగువారు విస్తారముగ నుండిరి. ఉత్తరాదిని సిపాయికి తెలంగా యనియే పేరుండెను. నేడు గ్వాంగ్‌జౌ నగరమున ఆ పోరాటమునకు స్మారకము కలదు. మన బాలునకు ఆ యూరి పేరైనను తెలియదు. వానికి జెప్పవలసిన మనకే తెలియనపుడు వానిననుట యేల?

ఈ మాట యన్నప్పుడెల్ల తోటి యుపాధ్యాయులనుండి రెండాక్షేపణలు వినుచున్నాము. 1962లో మనతో యుద్ధము చేసిన దేశముపై నింత శ్రద్ధ యేలయని మొదటిది. పగవాని నెరుగుమని మన నీతిశాస్త్రములే చెప్పుచున్నవి గదా! 1860లో తమ చక్రవర్తి వేసవి భవనమును పాశ్చాత్యులు కాల్చివేయుటను మరువని జాతి యెట్లు తలచునో తెలిసికొనక, ఆ జాతితో స్నేహమైనను వైరమైనను ఎట్లు నెరపగలము? అదిగాక, చదువుట యనగా మెచ్చుట కాదు. 1958 తరువాతి కరవులో కోటికి మించిన జనులు మడసిరని, 1966 నుండి జరిగిన సాంస్కృతిక విప్లవమున గురువులను శిష్యులే కొట్టి యవమానించిరని కూడ చదువవలయును. పాఠశాలలో పనిచేయువారికి ఈ కడపటి సంగతి మరింత యవసరము.

పిల్లలకు తెలుగే సరిగ రాదు, చైనా యెందుకని రెండవది. తెలుగుకొరకే చదువుడని మా ప్రత్యుత్తరము. జనుల నోటి భాషలో వ్రాయుమని హూ షీ 1917లో చాటెను. మరుసటి యేడు లూషున్ ఆ భాషలో కథ వ్రాసి చూపెను. 1919లో గిడుగు రామమూర్తిగారు 'తెలుగు' పత్రికను నడుపుచు చేసిన వాదము అట్టిదే. అదే యేడు ఏప్రిలు 13న జలియన్‌వాలాబాగున నెత్తురు పారెను. ఇరువదియొక్క దినముల పిదప, మే 4న, తమ షాన్‌టుంగు సీమను జపానున కప్పగించిన పాశ్చాత్యుల తీర్పునకు కనలి బీజింగు విద్యార్థులు వీథులకెక్కిరి. రెండు జాతులకును ఒక్క యేటనే కన్ను తెరువబడినది. రెంటిని పక్కపక్కన నిలిపి చెప్పినచో బాలునకు తన కథ మరింత బాగుగ నర్థము కాదా? గ్రాంథికమును విడువజాలని మావంటివారికి ఆ పాఠములో చురుక కూడ కలదు, కానిండు, తగులనిండు.

మా యూర చాయ యందురు, పుస్తకములలో తేయాకు అందురు. రెండు మాటలకును మూలము చైనా భాషలే. దినమునకు రెండుమార్లు పుచ్చుకొను దానిని గూర్చియైనను తెలిసికొనవలదా? ఇందుకు సర్కారు ఉత్తరువు రానక్కరలేదు. నెలకొక ఆదివారము నలుగురైదుగు రుపాధ్యాయులు ఒకరి యింట గూడి, పటము పరచి, ఒకే సంగతిని ఆంగ్లేయు డెట్లు చెప్పెను, చైనీయు డెట్లు చెప్పెను, మన మేల చెప్పకుంటిమి అని విచారించిన జాలును. ఆ యింటి స్త్రీలును పిల్లలును కూర్చుండి వినవలయును.

ఆ బాలికకు మరునాడు జవాబు చెప్పితిమి: "మన దేశములోనే పండిందమ్మా." ఆమె యూరకుండక, "మరి మనమెందుకు పండిస్తిమి సారూ?" అని మరల నడిగినది. దానికి నిజాయితీగల జవాబు చెప్పుటకే మేమిపుడు చదువుచున్నాము. తక్కిన పంతుళ్లును వచ్చి మాతో చదువవలసినదిగా కోరుచున్నాము.